కేజీబీవీ టీచర్ జీతం ఎందుకు తక్కువ? మారాలంటే దేనికోసం అడగాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో పన్నెండేళ్లుగా సీఆర్టీగా (కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచరుగా) లెక్కలు చెబుతున్న ఒక సోదరి అడుగుతున్నారు. ఆమెకు నెలకు 26,759 రూపాయలు వస్తాయి. పక్క ఊరి జెడ్పీ హైస్కూల్లో అదే సిలబస్‌తో అదే పదో తరగతికి లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌కు బేసిక్ 44,570తో మొదలవుతుంది. దానిపైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ, ఏటా ఇంక్రిమెంటు ఉంటాయి. "ఇది న్యాయమేనా సార్? డబ్బు లేదంటున్నారు, నిజమేనా? కోర్టుకు వెళ్తే వస్తుందా? నాకిప్పుడు 41 ఏళ్లు, డీఎస్సీ రాయాలా వద్దా?"

అమ్మా, నేను జెడ్పీ హైస్కూల్ ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. డీడీఓగా, అంటే జీతాలు డ్రా చేసి ఇచ్చే అధికారిగా, చాలా ఏళ్లు జీతాల బిల్లులు పెట్టాను. మధ్యలో సర్వశిక్షా అభియాన్ జిల్లా ఆఫీసులో డెప్యుటేషన్ మీద పనిచేశాను. కాబట్టి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది రెండు వైపుల నుంచీ చూశాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్తాను: న్యాయం కాదు. మిగతావాటికి కొంచెం వివరంగా చెప్పాలి.

చాలామంది అనుకునేట్టు మీ జీతం తక్కువ కావడానికి కారణం మీ చదువు కాదు. మీకూ డిగ్రీ, బీఈడీ, టెట్ ఉన్నాయి. పని తక్కువ కావడమూ కాదు. హైస్కూల్ టీచరు సాయంత్రం బడి వదలగానే ఇంటికి వెళ్తారు. మీరు వంతులవారీగా రాత్రులు కూడా పిల్లలతోనే ఉండాలి. జ్వరమొస్తే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి, స్టడీ అవర్ చూడాలి. అసలు తేడా మీ జీతం ఏ పద్దు నుంచి వస్తుందన్న దగ్గర ఉంది.

స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఆర్థిక శాఖ మంజూరు చేసిన పోస్టు. దానికి జీఓ ఉంటుంది, జిల్లాకు ఇన్ని అని క్యాడర్ స్ట్రెంగ్త్ ఉంటుంది. జీతం రాష్ట్ర బడ్జెట్‌లో 010 పద్దు కింద, అంటే 'జీతాలు' అనే ఖాతా కింద, ట్రెజరీ నుంచి వస్తుంది. ఆ పద్దులో ఒకసారి చేరిన పోస్టుకు పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినా, డీఏ పెరిగినా ఎవరూ కొత్తగా అనుమతి అడగక్కర్లేదు. దానంతట అదే పెరుగుతుంది. మీ పోస్టు అలా కాదు. అది పథకం పోస్టు. కేజీబీవీలను కేంద్రం 2004లో మొదలుపెట్టింది, 2007లో సర్వశిక్షా అభియాన్‌లో కలిపింది. 2018 నుంచి అవి సమగ్ర శిక్షలో భాగం. డబ్బు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పెడతాయి. ఏటా జిల్లాల నుంచి ప్లాన్ వెళ్తుంది, ఢిల్లీలో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు కూర్చుని ఒక్కో పద్దుకు ఇంత అని ఆమోదిస్తుంది. అక్కడ మీ జీతం 'జీతం' కాదు, బల్లలు, పుస్తకాలు, బియ్యం పక్కన ఉండే ఒక యూనిట్ కాస్ట్, అంటే ఒక్కో అంశానికి కట్టిన ఖర్చు.

ఆ యూనిట్ కాస్ట్‌కు పైకప్పు ఉంది. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం టీచరు జీతానికి పథకం ఇచ్చే సాయం నెలకు ప్రాథమిక స్థాయిలో 15,000, ప్రాథమికోన్నత స్థాయిలో 20,000, సెకండరీలో 25,000 మించకూడదు. ఆపైన ఎంత ఇచ్చినా రాష్ట్రమే సొంతంగా భరించాలి. అందుకే 'మీకు పెంచండి' అని జిల్లా ఆఫీసులో అడిగితే 'మా చేతిలో లేదు, స్టేట్ ఆఫీసు' అంటారు. స్టేట్ ఆఫీసులో అడిగితే 'కేంద్రం నార్మ్స్ ఇంతే' అంటారు. కేంద్రాన్ని అడిగితే 'విద్య ఉమ్మడి జాబితాలో ఉంది, టీచర్ల నియామకం, జీతాలు రాష్ట్రం చూసుకోవాలి' అంటుంది. ముగ్గురూ తమ తమ కాగితం ప్రకారం సరిగ్గానే చెబుతారు. మధ్యలో మీరు పన్నెండేళ్లు గడిపేశారు.

జీతం ఆలస్యం కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కేంద్రం వాటా ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. ముందు విడతలో 75 శాతం ఖర్చయినట్టు లెక్క చూపాలి, రాష్ట్రం తన 40 వంతు జమ చేయాలి. అప్పుడే తర్వాతి విడత. రాష్ట్రం చేతిలో నగదు బిగుసుకున్న నెలలో ఆ 40 వంతు వెనక్కి పోతుంది. దాంతో కేంద్రం వాటా కూడా ఆగుతుంది. అదే నెలలో 010 పద్దు వాళ్లకు ఒకటో తారీఖున కాకపోయినా ఐదో తారీఖుకైనా పడుతుంది, మీకు మాత్రం రెండు నెలలకు పడుతుంది. నేను డీడీఓగా ఉన్నప్పుడు ఒకే స్టాఫ్‌రూమ్‌లో ఈ రెండు రకాల వాళ్లూ ఉండేవాళ్లు. పండగ ముందు నెల జీతం రాని వలంటీరు టీచర్ ముఖం చూడలేక నేను బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

పథకం డబ్బు ఎంత బలహీనమైనదో తెలియాలంటే తమిళనాడు చూడండి. పీఎం శ్రీ పథకం ఒప్పందం మీద సంతకం చేయలేదన్న కారణంతో 2024–25లో ఆ రాష్ట్రానికి రావాల్సిన సమగ్ర శిక్ష నిధులు 2,152 కోట్లు కేంద్రం ఆపింది. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వివాదంలో ఎవరిది ఒప్పు అన్నది పక్కన పెట్టండి. రెండు ప్రభుత్వాల మధ్య ఒక ఒప్పందం తెగితే ఒక టీచరు నెల జీతం గాల్లో వేలాడడమే నాకు అన్యాయంగా కనిపిస్తుంది. పైగా ఈ పథకానికి గడువు ఉంటుంది. సమగ్ర శిక్షను 2021 నుంచి 2026 మార్చి దాకా అని ఆమోదించారు. ప్రతి గడువు దగ్గర పడ్డప్పుడల్లా మీలాంటి వాళ్లందరికీ టెన్షన్.

ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదమ్మా. మన రాష్ట్రంలో దీనికి పాత చరిత్ర ఉంది. 1980ల్లో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను తీసుకున్నారు. ఇప్పటికీ వాళ్లను '398 టీచర్లు' అనే పిలుస్తాం. రెగ్యులరయ్యాక కూడా ఆ కాలపు నోషనల్ (కాగితం మీద లెక్కకట్టే) ఇంక్రిమెంట్ల కోసం దశాబ్దాల పాటు తిరిగారు. తర్వాత అప్రెంటిస్ టీచర్లు వచ్చారు, విద్యా వలంటీర్లు వచ్చారు. తెలంగాణలో వలంటీర్లకు 12,000 ఇచ్చేవాళ్లు, కరోనా వచ్చిన 2020లో వాళ్లను మళ్లీ తీసుకోలేదు. ప్రతిసారీ చెప్పిన మాట ఒక్కటే: 'తాత్కాలికం, ఖాళీలు నింపేదాకా.' ఆ తాత్కాలికంలోనే ఒక తరం టీచర్లు ముసలివాళ్లయ్యారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. నవోదయ విద్యాలయం కూడా రెసిడెన్షియలే, కేంద్రం డబ్బుతోనే నడుస్తుంది. అక్కడ టీజీటీకి (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచరుకు) ఏడో లెవెల్‌లో 44,900 బేసిక్, రెసిడెన్షియల్ పనికి ప్రత్యేక అలవెన్సు. అది ప్రవేశ పరీక్ష రాసి గెలిచిన పిల్లల బడి. కేజీబీవీ ఎవరికోసం పెట్టారు? బడి మానేసినవాళ్లు, తల్లో తండ్రో లేనివాళ్లు, వలస కూలీల ఆడపిల్లలు. నిబంధన ప్రకారం 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, మిగతా 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు. అంటే అన్నిటికంటే కష్టమైన పిల్లల్ని, అన్నిటికంటే ఎక్కువ గంటలు చూసే టీచరుకు, అన్నిటికంటే తక్కువ జీతం. ఇది మీ ఒక్కరి జీతం సంగతి అనుకోవద్దు. ఆ పిల్లలకు ప్రభుత్వం ఎంత విలువ కడుతోందో మీ పే స్లిప్‌లో కనబడుతోంది. మంచి టీచరు డీఎస్సీ రాగానే వెళ్లిపోతారు. ఆ సీటు ఏడాది మధ్యలో ఖాళీ అవుతుంది. పదో తరగతి పిల్లలు లెక్కల టీచరు లేకుండా పరీక్షకు వెళ్తారు.

మరొక్క మాట, టీచర్ల సంఘాల్లో ఇది ఎక్కువగా వినబడదు కాబట్టి చెబుతున్నాను. మీ వంటగదిలో పనిచేసేవాళ్ల గురించి, ప్రభుత్వ బళ్లలో మధ్యాహ్న భోజనం వండే అమ్మల గురించి కూడా ఈ లెక్కలోనే ఆలోచించాలి. మధ్యాహ్న భోజన కార్మికులకు 2009లో కేంద్ర నిబంధన నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. ఆ వెయ్యి పదిహేనేళ్లు దాటినా అలాగే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ సొంత డబ్బు కలిపి 3,000 చేశాయి. 'సమాన పనికి సమాన వేతనం' అని మనం నినాదం ఇచ్చేటప్పుడు ఆ అమ్మ పక్కన నిలబడి ఉంటే ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. సంఘం మెమొరాండంలో ఆమె డిమాండు చివరి పేరాలో కాకుండా మీ డిమాండు పక్కనే ఉండాలని నా అభిప్రాయం.

ఇక డబ్బు లేదనే మాట. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకుంటేనే మిగతా అబద్ధాన్ని పట్టుకోగలం. రాష్ట్రాలు ఎంతపడితే అంత అప్పు చేయలేవు, పరిమితి ఉంది. వచ్చిన ఆదాయంలో పెద్ద భాగం జీతాలు, పింఛన్లు, పాత అప్పుల వడ్డీలకే పోతుంది. ఆర్థిక శాఖ అధికారికి మీ ఒక్క ఫైలు కనబడదు. మీ వెనక క్యూలో ఉన్న సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు), ఎంఐఎస్ కోఆర్డినేటర్లు, పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు, వైద్య శాఖలో కాంట్రాక్టు నర్సులు అందరూ కనబడతారు. 'ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి' అన్న భయంతో ఎవరికీ ఇవ్వకుండా ఆపుతారు.

అయినా మీ లెక్క మీరు వేసి చూపించండి. 44,570లోంచి 26,759 తీసేస్తే నెలకు 17,811. ఏడాదికి 2,13,732. ఆంధ్రప్రదేశ్‌లో 352 కేజీబీవీలు ఉన్నాయి. ఒక్కోదానికి పది మంది టీచర్లు అనుకుందాం. అందరికీ స్కూల్ అసిస్టెంట్ స్కేలు మొదటి మెట్టు ఇస్తే, డీఏ, హెచ్‌ఆర్‌ఏ లేకుండా, అదనంగా అయ్యేది ఏడాదికి సుమారు 75 కోట్లు. 2025–26 రాష్ట్ర బడ్జెట్‌లో పాఠశాల విద్యకు కేటాయించింది 31,805 కోట్లు. అందులో ఇది నాలుగో వంతు శాతం కూడా కాదు. మీ జిల్లాలో అసలు ఎంతమంది ఉన్నారో సమాచార హక్కు కింద తీసుకుని ఈ లెక్కను కచ్చితం చేయండి. మెమొరాండంలో 'న్యాయం చేయండి' అన్న వాక్యం కంటే ఈ ఒక్క పేరా ఆర్థిక శాఖలో ఎక్కువ పనిచేస్తుంది. నేను చూసినంతలో అంకెలతో వెళ్లిన ఫైలు కనీసం ఒక మెట్టు పైకి కదులుతుంది. అంకెలు లేని ఫైలు 'పరిశీలించగలరు' అన్న నోటుతో అక్కడే ఉంటుంది.

దేశం సంగతి చూసినా అంతే. విద్యకు జాతీయాదాయంలో 6 శాతం పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం అదే 6 శాతాన్ని మళ్లీ రాసింది. మధ్యలో యాభై ఏళ్లకు పైగా గడిచాయి, ఆ అంకెను చేరలేదు. విద్యా హక్కు చట్టం ఏడో సెక్షన్ ఖర్చు బాధ్యత కేంద్రం, రాష్ట్రం ఇద్దరిదీ అని స్పష్టంగా చెబుతోంది. మీ జీతంలో తగ్గిన ఆ 17,811 చేరని ఆ అంకెలో ఒక ముక్క.

కోర్టు సంగతికి వస్తాను. ఇక్కడ ఆశా నిరాశా రెండూ ఉన్నాయి, రెండూ తెలుసుకుని దిగండి.

సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం 39(డి) అధికరణంలో ఆదేశిక సూత్రంగా ఉంది. 1982లో రణధీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని 14, 16 అధికరణాలతో కలిపి చదివి, అమలు చేయదగిన హక్కుగా నిలబెట్టింది. తర్వాత 2006లో ఉమాదేవి తీర్పు వచ్చింది. దొడ్డిదారి నియామకాలను రెగ్యులరైజ్ చేయకూడదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మంజూరైన ఖాళీల్లో, అర్హతలతో, కోర్టుల ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు దాటినవాళ్లకు మాత్రం ఒకేసారి మినహాయింపు ఇవ్వొచ్చని అంది. అప్పటినుంచి ఏ కాంట్రాక్టు ఉద్యోగి అడిగినా ప్రభుత్వం వకీలు మొదట తీసేది ఉమాదేవి తీర్పే. 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి అవసరమైన పని చేయించుకుని బయటికి పంపడానికి ఉమాదేవిని ఆయుధంగా వాడకూడదని చెప్పింది. ఇది మీకు మేలు చేసే తీర్పు.

ఒక సంగతి చాలామంది కలిపేస్తారు. రెగ్యులరైజేషన్ వేరు, వేతన సమానత్వం వేరు. ఉమాదేవి మొదటిదాని గురించి. రెండోదానికి 2016 అక్టోబరు 26న వచ్చిన జగ్‌జీత్ సింగ్ తీర్పు ఆధారం. పంజాబ్ కేసు అది. రెగ్యులర్ ఉద్యోగి పనే చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు స్కేలులో కనీస వేతనం ఇవ్వాలని కోర్టు చెప్పింది. రెగ్యులర్ కాకపోయినా సరే. తక్కువ జీతానికి ఒప్పుకుని ఎవరూ ఇష్టపడి చేరరని, కుటుంబాన్ని పోషించుకోవడానికి ఆత్మగౌరవాన్ని పణంగా పెట్టి ఒప్పుకుంటారని కూడా ఆ తీర్పులో ఉంది. ఏటా రెన్యువల్ కాగితం మీద మీరు పెట్టిన సంతకాలను చూపించి 'ఒప్పుకునే చేరారు కదా' అని ఎవరైనా అంటే జవాబు అక్కడ ఉంది.

ఇంకా దగ్గరి కేసు 2025 ఆగస్టు 22 నాటిది. గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల్లో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నెలకు 30,000 ఇచ్చేవాళ్లు. అదే పని చేసే అడ్‌హాక్ వాళ్లకు లక్షా పదహారు వేలు, రెగ్యులర్ వాళ్లకు లక్షా ముప్పై ఆరు వేలు దాటి. సుప్రీంకోర్టు కాంట్రాక్టు వాళ్లకు స్కేలులో కనీస వేతనం ఇమ్మంది. సభల్లో 'గురుబ్రహ్మ గురుర్విష్ణుః' అని చదివితే సరిపోదు, దేశం టీచర్లను చూసే తీరులో అది కనబడాలి అంది. బకాయిలు మాత్రం పిటిషన్ వేసిన తేదీకి ముందు మూడేళ్లకే ఇచ్చింది. ఈ ఆఖరి మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలా వెనకనుంచి ఒక నెల బకాయి పోతున్నట్టే.

ఇప్పుడు నిరాశ. బీహార్‌లో పంచాయతీలు తీసుకున్న 'నియోజిత్' టీచర్లు, మూడున్నర లక్షల మందికి పైగా, 2017లో పట్నా హైకోర్టులో గెలిచారు. 2019 మే 10న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. నియామక విధానం వేరు, క్యాడర్ వేరు, పాత క్యాడర్ అంతరించిపోతోంది, ప్రభుత్వం మీద పడే భారం కూడా చూడాలి అంది. మీ కేసులో ప్రభుత్వం వాడబోయే వాదన ఇదే: 'కేజీబీవీ వాళ్లను సొసైటీ తీసుకుంది, డీఎస్సీ ద్వారా రాలేదు, క్యాడర్ వేరు.' గెలుపు ఖాయమని మీకెవరైనా లాయరు చెబితే ఆ మాట నమ్మవద్దు. కానీ బీహార్ కథ అక్కడ ఆగలేదు. కోర్టులో ఓడాక ఉద్యమం నడిచింది, 2023లో ప్రభుత్వం కొత్త నియమావళి తెచ్చింది, అర్హత పరీక్ష గట్టెక్కినవాళ్లను 'విశిష్ట్ శిక్షక్'లుగా రాష్ట్ర ఉద్యోగులను చేసింది. కోర్టు ఇవ్వనిది జీఓ ఇచ్చింది.

రెగ్యులరైజేషన్ అనే మాట వినగానే సంబరపడకూడదని పంజాబ్ నేర్పింది. 2018లో అక్కడ 8,886 మంది సర్వశిక్షా, రమ్సా (సెకండరీ విద్య పథకం) టీచర్లను రెగ్యులర్ చేస్తామన్నారు. షరతేమిటంటే, అప్పటిదాకా 42,800 దాకా తీసుకుంటున్నవాళ్లు మూడేళ్లు 15,000కు పనిచేయాలి. టీచర్లు నెలల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. కాబట్టి జీఓ ముసాయిదాలో 'పే ప్రొటెక్షన్' (ఇప్పటి జీతం తగ్గకూడదన్న రక్షణ) అనే మాట ఉందో లేదో ముందు చూడాలి. ఒడిశా మరోలా చేసింది. 2022 అక్టోబరులో కాంట్రాక్టు నియామక విధానాన్నే రద్దు చేసి 57,000 మందిని రెగ్యులర్ చేసింది. పేద రాష్ట్రమని మనం అనుకునే ఒడిశా చేయగలిగింది.

మన దగ్గర పరిస్థితి చెప్తాను. తెలంగాణ 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను రెగ్యులర్ చేసింది, అందులో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లు. దానికి ఆధారమైన చట్ట సవరణను 2024 నవంబరులో హైకోర్టు కొట్టేసింది, అప్పటికే రెగ్యులరైనవాళ్ల జోలికి మాత్రం పోలేదు. ఆంధ్రప్రదేశ్ 2023లో కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ చట్టం తెచ్చింది, కటాఫ్ 2014 జూన్ 2. రెండు చోట్లా లాభపడింది మంజూరైన పోస్టుల్లో ఉన్నవాళ్లు. పథకం పోస్టుల్లో ఉన్న మీలాంటి వాళ్లు గడప బయటే ఉండిపోయారు. అందుకే ఆంధ్రాలో 2023 డిసెంబరులో, తెలంగాణలో 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగారు. తెలంగాణలో కేజీబీవీల్లో పాఠాలు ఆగిపోయి, పరీక్షల ముందు పిల్లలు ఇబ్బంది పడ్డారు. ఆ బాధ ఎక్కువ పడింది టీచర్లే.

దీన్నంతా కలిపి చూస్తే మీ సంఘం అడగాల్సిన క్రమం నాకు స్పష్టంగా కనబడుతుంది. ఇప్పుడు ప్రతి ఫ్లెక్సీ మీదా 'రెగ్యులరైజ్ చేయాలి' అని ఒక్క మాటే ఉంటుంది. దానికి ప్రభుత్వం దగ్గర రెడీమేడ్ జవాబు ఉంది: పోస్టే లేదు, ఎక్కడ రెగ్యులరైజ్ చేయాలి? కాబట్టి మొదటి డిమాండు పోస్టుల మంజూరు కావాలి. కేజీబీవీకి ఇన్ని టీచర్ పోస్టులు అని ఆర్థిక శాఖ అనుమతితో జీఓ, క్యాడర్ స్ట్రెంగ్త్. రెండోది 010 పద్దు. కేంద్రం ఇచ్చే వాటాను రాష్ట్రం రీయింబర్స్‌మెంట్‌గా తీసుకోవచ్చు, టీచరు జీతం మాత్రం ట్రెజరీ నుంచి రావాలి. దీని విలువ తెలియాలంటే మోడల్ స్కూల్ టీచర్లను అడగండి. స్కేలు ఉన్నా జీతం గ్రాంటు పద్దు నుంచి రావడంతో నెలనెలా అవస్థపడి, 010 పద్దు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2015లో కేంద్రం ఆ పథకం నుంచి తప్పుకున్నప్పుడు భారమంతా రాష్ట్రాల మీద పడింది. మీ పథకానికీ ఆ రోజు రాదని హామీ ఎవరూ ఇవ్వలేరు.

మూడోది, ఈ రెండూ జరిగేలోపు తక్షణం మినిమమ్ టైమ్ స్కేల్ (ఎంటీఎస్), అంటే పోస్టు స్కేలులో మొదటి మెట్టు జీతం. దీనికి మన రాష్ట్రంలోనే ఉదాహరణలున్నాయి. కాంట్రాక్టు లెక్చరర్లకు ఎంటీఎస్ ఇస్తున్నారు. 1998, 2008 డీఎస్సీల్లో నష్టపోయిన అభ్యర్థులను కాంట్రాక్టు మీద ఎంటీఎస్‌తో ఎస్జీటీలుగా (ప్రాథమిక బడి టీచర్లుగా) తీసుకున్నారు. 2022 పీఆర్సీ ప్రకారం ఎస్జీటీ స్కేలు మొదటి మెట్టు 32,670. పదో తరగతికి లెక్కలు చెప్పే మీకు వచ్చేది దానికంటే ఆరు వేలు తక్కువ. ఒకే రాష్ట్రం, ఒకే శాఖ, ఇద్దరూ కాంట్రాక్టే. మీ మెమొరాండంలో రెగ్యులర్ టీచరుతో పోలిక ఒక్కటే పెట్టకుండా ఈ పోలిక కూడా పెట్టండి. 'క్యాడర్ వేరు' అన్న వాదన ఇక్కడ చాలా బలహీనపడుతుంది.

పిటిషన్ వేయాలనుకుంటే ఒంటరిగా వెళ్లొద్దు. ఒకే నోటిఫికేషన్‌లో చేరిన పది, పదిహేను మంది కలవండి. ముందు స్టేట్ ప్రాజెక్ట్ డైరెక్టరుకూ పాఠశాల విద్య ప్రిన్సిపల్ సెక్రటరీకీ రాతపూర్వకంగా రిప్రజెంటేషన్ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సమాన పని అని రుజువు చేసే భారం మీదే అని జగ్‌జీత్ తీర్పు చెబుతోంది, కాబట్టి కాగితాలే మీ బలం. మొదటి నియామక ఉత్తర్వు, అప్పటి నోటిఫికేషన్, మెరిట్ లిస్టు, రోస్టర్ పాయింటు ఉంటే అతి ముఖ్యం. మీరు దొడ్డిదారిన రాలేదని చూపేది అదే. తర్వాత ప్రతి ఏడాది రెన్యువల్ ఉత్తర్వు, టైమ్‌టేబుల్, మీరు చెప్పిన పదో తరగతి ఫలితాలు, స్పాట్ వాల్యుయేషన్, ఇన్విజిలేషన్, ఎన్నికల డ్యూటీ ఉత్తర్వులు, రాత్రి డ్యూటీ చార్టు. ఇన్విజిలేషన్‌కు, పోలింగ్‌కు పంపేటప్పుడు మిమ్మల్ని రెగ్యులర్ టీచర్లతో సమానంగానే పంపారు, ఆ ఉత్తర్వులు జాగ్రత్త. వీటిలో లేనివి సమాచార హక్కు కింద అడగండి. ఢిల్లీ ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు మినిట్స్ కేంద్ర విద్యా శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి, మన రాష్ట్రం కేజీబీవీలకు ఎంత అడిగింది, ఎంత ఆమోదించారు అన్నది అందులో చూడొచ్చు. ఏజెన్సీ ద్వారా ఔట్‌సోర్సింగ్‌లో వచ్చినవాళ్ల కేసు మీ కేసుకంటే కష్టం, వాళ్లను మీ పిటిషన్‌లో కలిపితే రెండూ చిక్కుల్లో పడతాయి. వాళ్లకు వేరే పిటిషన్ వేయించండి, కానీ వేయించండి.

మీ స్టాఫ్ అంతా ఆడవాళ్లే కాబట్టి ఇదొకటి. ప్రసూతి సెలవు అడిగితే 'కాంట్రాక్టు వాళ్లకు లేదు' అనో, 'మీ కాంట్రాక్టు ఏప్రిల్‌తో అయిపోతుంది' అనో ఎవరైనా అంటే ఊరుకోవద్దు. దినసరి కూలీలకు కూడా ప్రసూతి హక్కులు ఉంటాయని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ఆ ప్రయోజనం పూర్తిగా ఇవ్వాలని 2023లో కవితా యాదవ్ కేసులో చెప్పింది.

ఇక డీఎస్సీ. రాయండమ్మా. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అప్పుడు గరిష్ఠ వయసు 44 పెట్టారు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. వచ్చే నోటిఫికేషన్‌లో వయసు ఎంత పెడతారో అప్పుడే తేలుతుంది, ఇంట్లో పుస్తకాలు మాత్రం ఇప్పుడే తెరవండి. టెట్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు జీవితకాలం చెల్లుబాటు ఉంది. సర్వీసులో ఉన్న టీచర్లకూ టెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో చెప్పాక దాని విలువ ఇంకా పెరిగింది. మీ సహోద్యోగుల్లో టెట్ లేనివాళ్లుంటే ముందు అది రాయించండి, రేపు ఏ జీఓ వచ్చినా మొదటి షరతు అదే అవుతుంది.

డీఎస్సీ రాయడానికీ పిటిషన్‌కూ సంబంధం లేదు. రెండూ ఒకేసారి నడపొచ్చు. రేపు స్కూల్ అసిస్టెంట్‌గా సెలెక్ట్ అయినా, కేజీబీవీలో చేసిన సంవత్సరాల బకాయి కోసం పిటిషన్‌లో మీ పేరు కొనసాగించొచ్చు. చేరేముందు రాజీనామా లేఖలో 'నాకు ఎలాంటి బకాయిలూ లేవు' అన్న వాక్యం రాయమంటారు. ఆ వాక్యం రాయకండి. రిలీవింగ్ ఆర్డరు, సర్వీసు సర్టిఫికెట్, చివరి జీతపు సర్టిఫికెట్ తీసుకుని బయటికి రండి.